కార్న్ స్నేక్ పిల్లను కొన్నాను, దీనికీ బడ్జెట్ కావాలా?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు, ఉద్యోగం చేస్తున్నాను, ఒక్కడినే ఉంటాను. రెండు వారాల క్రితం కార్న్ స్నేక్ పిల్లను తెచ్చుకున్నాను. అరుదైన రంగు అని అమ్మినాయన మామూలు ధర కంటే బాగా ఎక్కువే తీసుకున్నాడు. క్రెడిట్ కార్డు మీద కొన్నాను. పెద్దయ్యాక జత కలిపి పిల్లల్ని అమ్మితే పెట్టిన డబ్బు తిరిగి వస్తుందట. ప్రస్తుతం చిన్న ప్లాస్టిక్ డబ్బాలో, హీట్ మ్యాట్ మీద ఉంచాను. వారానికో చిన్న ఎలుక తప్ప ఖర్చేమీ కనిపించడం లేదు. అయినా వేరే బడ్జెట్ వేసుకోవాలా?

జవాబు: వేసుకోవాలి. ఖర్చేమీ కనిపించడం లేదన్నారు చూడండి, నా టెన్షన్ అంతా అక్కడే. కుక్కను పెంచితే నెలనెలా జేబుకు చిల్లు పెట్టి తన ఖర్చు తానే గుర్తు చేస్తుంది. పాము నెలల తరబడి కిమ్మనకుండా ఉండి, ఒక్కరోజు పెద్ద బిల్లు చేతిలో పెడుతుంది. పైగా ఈ వ్యవహారంలో అసలు కన్నా కొసరే ఎక్కువ. పాము ధర ఒకసారి కట్టేసి మరిచిపోతారు, దాని చుట్టూ ఉన్న సామాను మాత్రం ఏళ్లపాటు అడుగుతూనే ఉంటుంది.

ఎన్నేళ్లంటారా? బాగా చూసుకుంటే ఇవి 15 నుంచి 20 ఏళ్లు బతుకుతాయి. ఇంకా ఎక్కువ బతికినవీ ఉన్నాయి. ఇంటి లోనంత గడువన్నమాట. ఈలోగా మీరు ఇళ్లు మారతారు, ఊళ్లు మారతారు, పామంటే హడలిపోయే మనిషి ఇంట్లోకి రావచ్చు. మీ అద్దె ఒప్పందంలో పెంపుడు జంతువుల గురించి ఏం రాశారో ఈరోజే చదవండి. మీరున్న చోట ఈ జాతిని పెంచడానికి అనుమతి గానీ నమోదు గానీ అవసరమైతే ఆ పని వెంటనే పూర్తి చేసి, కాగితాలూ కొన్న రసీదూ ఒకే ఫైల్లో పెట్టుకోండి. రుసుము చిన్న ఖర్చే, జరిమానా అలా ఉండదు.

మీ ఉత్తరంలో హీట్ మ్యాట్ ఉంది, దాని వేడి హద్దు దాటకుండా చూసే థర్మోస్టాట్ మాట లేదు. ఈ వారం ఒక్క వస్తువే కొనగలిగితే అదే కొనండి. పాము తన ఒంటి వేడిని తాను పుట్టించుకోలేదు. డబ్బాలో ఒక వైపు 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర, రెండో వైపు 24 దగ్గర ఉంటే, తనకు కావలసిన చోటికి అదే జరుగుతుంది. వెచ్చదనం చాలకపోతే తిన్నది అరగక కక్కేస్తుంది. ఎక్కువైతే ఏమవుతుందో నా క్లయింట్ ఒకరి దగ్గర చూశాను. ఆయన సరిగ్గా ఈ థర్మోస్టాట్ దగ్గరే పొదుపు చేశారు. పాము రోజంతా మ్యాట్ మీద చుట్ట చుట్టుకుని ఉంటే సుఖంగా ఉందనుకున్నారు. ఒకరోజు చేతిలోకి తీసుకుని తిప్పితే, నలుపు తెలుపు గళ్ల పొట్ట మీద నాలుగైదు పొలుసులు గోధుమరంగుకు తిరిగి, అంచులు ముడుచుకుపోయి ఉన్నాయి. మొక్కజొన్న గింజల్లా కనిపించే ఆ గళ్ల వల్లే దీనికి కార్న్ స్నేక్ అని పేరొచ్చిందంటారు. ఆ కాలిన గాయం మానడానికి వారాలు పట్టింది. వైద్యుడి బిల్లు ముందు థర్మోస్టాట్ ధర దిగదుడుపే.

డబ్బా విషయంలో మాత్రం తొందరపడకండి. ఇప్పుడు జానెడో, జానెడున్నరో ఉన్న పిల్ల 3 నుంచి 5 అడుగుల దాకా పెరుగుతుంది. చాలామంది చిన్నదొకటి, మధ్యరకం ఒకటి, చివరికి పెద్దదొకటి కొని మూడుసార్లు డబ్బు పెడతారు. మీరు మధ్యరకం జోలికి పోవద్దు. కార్డు బాకీ తీరేదాకా ఉన్నదాంతో నడిపించి, తర్వాత నేరుగా 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు ఉన్నది కొనండి. పెద్ద చోటులో పిల్ల బెదిరిపోతుందని ఎవరైనా అంటే, లోపల బోసిగా వదిలేస్తేనే ఆ ఇబ్బంది. వెచ్చని వైపొకటి, చల్లని వైపొకటి దాక్కునే చోట్లు పెట్టండి. వాటికి డబ్బు పోయక్కర్లేదు, ఒళ్లు సులువుగా దూరేంత చిల్లు ఉన్న అట్టపెట్టెలోనూ అది నిశ్చింతగా దాక్కుంటుంది.

తిండి ఖర్చు మీరు అనుకున్నంత తక్కువే. పిల్లప్పుడు 5 నుంచి 7 రోజులకోసారి, పెద్దయ్యాక 10 నుంచి 14 రోజులకోసారి. ఎలుక సైజు పెరిగినా పెట్టే సార్లు తగ్గుతాయి కాబట్టి లెక్క అదుపులోనే ఉంటుంది. ఫ్రీజర్ ఎలుకలు టోకున చవక అని ఏడాదికి సరిపడా కొనకండి. ఎలుక లావు పాము నడుము లావుకు అటూ ఇటూగా ఉండాలి. మూడు నెలల్లో ఆ సైజు దానికి చాలదు, మిగిలినవి ఫ్రీజర్లో మీ ఐస్‌క్రీమ్ పక్కన పడి ఉంటాయి.

వైద్యానికి వేరే ఖాతా తెరవండి. పాములను చూసే పశువైద్యులు తక్కువ, అందుకని దూరమూ ఫీజూ రెండూ ఎక్కువే. నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, ఒంటి మీద నల్లటి చుక్కల్లా పురుగులు కదులుతున్నా ఆగకూడదు. కుబుసం ఒక్క ముక్కగా కాకుండా పేలికలుగా ఊడుతుంటే ముందు డబ్బాలో తేమ చూడండి, దానికి పైసా ఖర్చు లేదు. పాము తప్ప మిగతా సామానంతా మళ్లీ కొనాలంటే ఎంతవుతుందో లెక్కేసి, ఆ మొత్తాన్ని 12 భాగాలు చేసి నెలకో భాగం ఆ ఖాతాలో వేయండి. కార్డు బాకీ తీరేదాకా సగం భాగమే వేసి, మిగతా సగం వడ్డీ నోట్లో కొట్టండి.

ఇక పిల్లల్ని అమ్మడం. అది మగదో ఆడదో మీకింకా తెలియదు. జత కుదిరినా, ఒక్క కాన్పుకు డజను పైగా గుడ్లు, పొదగడానికి రెండు నెలలు. ఆ తర్వాత ప్రతి పిల్లకూ వేరే డబ్బా, కొన్ని తిండే ముట్టవు. గుడ్డు అడ్డం పడితే తల్లి ప్రాణానికే ముప్పు. ఇక అరుదైన రంగంటారా, మీలాగే కొన్న ప్రతి ఒక్కరూ పిల్లలు పెట్టిస్తే అది ఎన్నాళ్లు అరుదుగా ఉంటుంది? ఈ పామును ఆస్తుల పట్టికలో రాయకండి. హాబీ ఖర్చు కింద రాసుకుంటే చాలు, అందులో తప్పేమీ లేదు.

అన్నట్టు, ఆ ప్లాస్టిక్ డబ్బా మూతకు క్లిప్పులు ఉన్నాయా? ఈ వయసు పిల్ల పెన్సిలంత లావే ఉంటుంది, ఆపాటి సందు దొరికితే రాత్రికి రాత్రే బయటపడుతుంది. క్లిప్పులు లేకపోతే ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి, ముందు నాలుగు క్లిప్పులు కొనుక్కురండి.