బెనిఫిషియరీ, నామినీ ఒకటి కాదు: ప్రొబేట్ గురించి కొత్తవారికి

అమెరికాలో ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో ఇచ్చే కాగితాల్లో మనవాళ్లు ఏమాత్రం ఆలోచించకుండా నింపేది బెనిఫిషియరీ ఫారమ్, అంటే కంపెనీ బీమా వంటి సొమ్ము మన తర్వాత ఎవరికి చేరాలో రాసే కాగితం. నామినీయే కదా అని తండ్రిగారి పేరు రాసి, ఆ సంగతి మరిచిపోతారు. ఇండియాలో బ్యాంకు ఖాతాకు నామినీ అంటే సొమ్ము అందుకుని వారసులకు అప్పగించవలసిన మనిషి మాత్రమే. ఇక్కడ బెనిఫిషియరీయే ఆ సొమ్ముకు హక్కుదారు. తర్వాత ఎంత శ్రద్ధగా వీలునామా రాసుకున్నా ఆ ఫారమ్‌లోని పేరు మారదు. విడాకులైన రెండు నెలలకే మరణించిన ఒక ఉద్యోగి, కంపెనీ బీమాలో మాజీ భార్య పేరు అలాగే ఉంచేయగా, విడాకులతో ఆ పేరు దానంతటదే రద్దవుతుందన్న వాషింగ్టన్ రాష్ట్ర చట్టం అటువంటి ప్లాన్లకు వర్తించదని 2001లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

ఇలా ఫారమ్ ద్వారానో జాయింట్ ఖాతా ద్వారానో చేతులు మారనిది చాలావరకు ప్రొబేట్‌కు, అంటే పోయినవారి ఆస్తిని కోర్టు ద్వారా తేల్చే ప్రక్రియకు వెళ్తుంది. వీలునామా ఉంటే ప్రొబేట్ తప్పుతుందన్నది మనలో బాగా పాతుకుపోయిన అపోహ. ఆ వీలునామాను నిరూపించడమే ప్రొబేట్.

న్యూయార్క్‌లో మా మిత్రుడొకరు వీలునామా లేకుండా పోయినప్పుడు ఆయన భార్య వెంట నేను బ్యాంకుకు వెళ్లాను. పెళ్లి సర్టిఫికెట్, మరణ ధ్రువపత్రం రెండూ చూసి పక్కన పెట్టి, కౌంటరులోని ఉద్యోగి అడిగింది ఒక్కటే: సరొగేట్స్ కోర్టు (అక్కడ ప్రొబేట్ వ్యవహారాలు చూసే కోర్టు) ముద్ర ఉన్న అడ్మినిస్ట్రేషన్ లెటర్స్, అంటే పోయినవారి ఆస్తి వ్యవహారాలు చూసే అధికారపత్రం. ఏటీఎం కార్డుతో డబ్బు తీసేసుకోమని ఎవరో సలహా ఇచ్చారట, నేను వద్దన్నాను. ఖాతాదారు మరణంతో పవర్ ఆఫ్ అటార్నీ కూడా చెల్లదు. ఆ రాష్ట్రంలో వీలునామా లేకపోతే, పిల్లలున్నప్పుడు భార్యకు 50,000 డాలర్లూ, మిగిలినదానిలో సగమూ వస్తాయి. తక్కిన సగం పిల్లలది. అంతా తనదేననుకున్న ఆవిడకు ఈ లెక్క మింగుడుపడలేదు.

ఎగ్జిక్యూటర్‌గా, అంటే తమ వీలునామాను అమలు చేసే మనిషిగా ఉండమని ఎవరైనా అడిగితే మొహమాటంతో ఒప్పుకోకండి. అప్పులు, పన్నులు తీర్చకముందే వారసులకు పంచిపెడితే ఆ లోటు మీ జేబులోంచి పూడ్చవలసి రావచ్చు. ఇండియాకు తిరిగి వెళ్లి స్థిరపడినవారు అమెరికా పౌరులు కాకపోతే, ఇక్కడ ఉంచేసిన కంపెనీ షేర్ల వంటి ఆస్తి 60,000 డాలర్లు దాటితే వారు పోయినప్పుడు వారి తరఫున ఎస్టేట్ ట్యాక్స్ (మరణించినవారి ఆస్తిపై పన్ను) రిటర్న్ వేయాల్సి ఉంటుంది. పౌరులకున్న కోటి డాలర్లకు మించిన మినహాయింపు వారికి వర్తించదు. ఇండియాలోని పొలానికీ ఇంటికీ మాత్రం ఇక్కడి కోర్టు లెటర్స్ పనికిరావు, స్థిరాస్తి ఎక్కడుంటే అక్కడి చట్టమే.

మా మిత్రుడి బీమా సొమ్ము చివరకు ఆయన తండ్రిగారి పేరునే వచ్చింది. ఆయన ధర్మాత్ములు గనుక కోడలి చేతికే ఇచ్చేశారు. ఇవ్వాలని చట్టం మాత్రం ఎక్కడా చెప్పలేదు.