మందులకు లొంగని బ్యాక్టీరియా అంటే మరింత ఉగ్రమైనదనా?

కాదు, మందుకు లొంగకపోవడం వేరు, జబ్బు చేసే తీవ్రత వేరు. రెండింటి జన్యువులూ వేరు. తిరుపతిలో ఐసీయూ రోగి కల్చర్ రిపోర్టులో (క్రిమిని ల్యాబ్‌లో పెంచి ఏ మందు పనిచేస్తుందో చూసే పరీక్ష) మెరోపెనెం అనే యాంటీబయాటిక్ ఎదురుగా 'ఆర్' అని ఉంటే, ఆ మందు ఆ క్రిమి మీద పనిచేయదనే అర్థం. క్రిమి ఎంత ఉగ్రమైనదో ఆ కాగితం చెప్పదు.

క్లెబ్సియెల్లా న్యుమోనియే అనే బ్యాక్టీరియానే చూడండి. దానిలో ఎన్‌డీఎం అనే జన్యువు ఉంటే మెరోపెనెంను విరగ్గొట్టే ఎంజైము తయారవుతుంది, అంతే. తీవ్రత పెంచే జన్యువులుంటే ఒంటి చుట్టూ మందమైన జిగురు పొర కట్టుకుని తెల్లరక్తకణాలకు చిక్కదు. ల్యాబ్ ప్లేటు మీద పెరిగిన దాని కాలనీని (క్రిముల గుంపును) లూపుతో, అంటే చివర వలయం ఉన్న సన్నని తీగతో, పైకి లాగితే 5 మిల్లీమీటర్లకు మించి తీగలా సాగుతుంది. ఈ జిగురు రకం చాలాకాలం మామూలు మందులకే చచ్చేది. చిక్కల్లా ప్లాస్మిడ్‌లతోనే. ఈ చిన్న డీఎన్‌ఏ వలయాలు ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి దాటుతాయి, దాంతో రెండు రకాల జన్యువులూ ఒకే క్రిమిలో చేరొచ్చు. అప్పుడు మాత్రం నిజంగానే కష్టం.

"ఒళ్లు మందులకు అలవాటు పడిపోయింది" అంటుంటారు. అలవాటు పడేది ఒళ్లు కాదు, క్రిమి. అందుకే ఎన్నడూ యాంటీబయాటిక్ వాడని మనిషికి కూడా యూరిన్ గొట్టం ద్వారానో, కడుక్కోని చేతుల ద్వారానో ఇది అంటుకోవచ్చు.