అమెరికాలో ఎంఎస్, పీహెచ్‌డీల్లో బీ గ్రేడ్ వస్తే మంచిదేనా?

డిగ్రీలో బీ అంటే పర్వాలేదనుకుంటాం. అమెరికన్ గ్రాడ్యుయేట్ స్కూల్లో మాత్రం అది దాదాపు అంచు మీద నడవడమే. చాలా యూనివర్సిటీల్లో ఏ గ్రేడుకి 4 పాయింట్లు, బీకి 3, సీకి 2. వాటిని కోర్సు క్రెడిట్లతో (కోర్సు బరువును చెప్పే అంకెతో) గుణించి, అన్నీ కూడి, మొత్తం క్రెడిట్లతో భాగిస్తే జీపీఏ, అంటే సగటు గ్రేడ్ పాయింట్ వస్తుంది. అది సాధారణంగా 3.0కి తగ్గకూడదు.

మూడేసి క్రెడిట్ల కోర్సులు మూడు తీసుకున్నారనుకోండి. రెండింట్లో బీ, ఒకదాంట్లో సీ వస్తే జీపీఏ 2.67. అంతే, అకడమిక్ ప్రొబేషన్ నోటీసు, అంటే మార్కులు మెరుగుపరుచుకోవాలనే అధికారిక హెచ్చరిక రావచ్చు. తర్వాతి సెమిస్టర్లలో ఏ గ్రేడ్లు తెచ్చుకుని పైకి రావాలి. పైగా కొన్ని ప్రోగ్రాముల్లో సీ వచ్చిన కోర్సును డిగ్రీకి అసలు లెక్కించరు, ఫీజు కట్టింది కట్టినట్టే పోతుంది! ఫెయిలయితేనే ప్రమాదం అనుకునేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే.

థీసిస్ క్రెడిట్లకు చాలాచోట్ల అక్షరాల గ్రేడు ఉండదు, సంతృప్తికరమా కాదా అని మాత్రమే రాస్తారు. పీహెచ్‌డీలోనైతే కోర్సు గ్రేడ్ల గురించి మరీ టెన్షన్ అక్కర్లేదు. 3.0 నిలుపుకుంటే చాలు, అసలు పరీక్ష క్వాలిఫయింగ్ ఎగ్జామ్ (పీహెచ్‌డీలో ముందుకు సాగడానికి పాసవ్వాల్సిన పరీక్ష), రీసెర్చ్. కచ్చితమైన నిబంధనలు మీ డిపార్ట్‌మెంట్ హ్యాండ్‌బుక్‌లో ఉంటాయి, చేరిన వారంలోనే చదివేయండి.