రెక్క కింది ట్యాంకు రాలితే

ప్రశ్న: యుద్ధవిమానాలు రెక్కల కింద తగిలించుకున్న ఇంధన ట్యాంకులను ఖాళీ కాగానే గాల్లోనే వదిలేస్తాయట. అవి ఏమవుతాయి? మళ్లీ వాడతారా? మన పొలంలో పడితే ఏం చేయాలి? (ఓ పాఠకుడు, కాకినాడ)

జవాబు: మామూలు రోజుల్లో వదలరు. ఖాళీ ట్యాంకులతోనే దిగి, మర్నాడు మళ్లీ నింపుతారు. శత్రువు ఎదురైనప్పుడో, ఇంజను మొరాయించి బరువు తగ్గించుకోవాల్సి వచ్చినప్పుడో మాత్రమే వదిలేస్తారు.

వదలడమంటే కొక్కెం విప్పడం ఒక్కటే కాదు. తూటాలాంటి చిన్న మందుగుండు పేలుతుంది. ఆ వాయువు కొక్కేలను తెరుస్తుంది, పిస్టన్ ట్యాంకును కిందికి తన్నుతుంది. నిండు ట్యాంకు తన బరువుకే దిగిపోతుంది. చిక్కంతా ఖాళీదానితోనే. తేలిక కాబట్టి గాలికి పల్టీ కొట్టి రెక్కకో తోకకో తగలొచ్చు. అందుకే ఏ వేగంలో, ఏ ఎత్తులో వదలాలో ముందే హద్దులుంటాయి.

పలుచని రేకు కదా, నేల తాకగానే నుజ్జవుతుంది. ఇక వాడే ప్రసక్తే లేదు. 2019 జులై 2న తమిళనాడులోని సూలూరు వైమానిక స్థావరం నుంచి ఎగిరిన తేజస్ విమానం తాలూకు 1,200 లీటర్ల ట్యాంకు కోయంబత్తూరు దగ్గర ఇరుగూరు పొలాల్లో పడింది. గొయ్యి పడి, మంట లేచింది. అదృష్టం, ఎవరికీ దెబ్బ తగల్లేదు. నీళ్లలో పడితే మరో తంటా. 2018 ఫిబ్రవరిలో జపాన్‌లోని మిసావా వైమానిక స్థావరం నుంచి లేచిన అమెరికా ఎఫ్-16 యుద్ధవిమానానికి ఇంజనులో మంటలు రావడంతో పైలట్ రెండు ట్యాంకులను ఒగవారా సరస్సులో వదిలాడు. నీటిపై చమురు తెట్టె కట్టింది, జాలర్లు వేట ఆపుకోవాల్సి వచ్చింది.

పొలంలో కనిపిస్తే దగ్గరికి పోవద్దు. ఖాళీగా కనిపించినా లోపల కిరోసిన్ లాంటి ఇంధనం ఆవిరి మిగిలే ఉంటుంది. బీడీ, ట్రాక్టరు, సెల్‌ఫోను ఫొటోలు అన్నీ దూరంగా పెట్టి 112కు చెప్పండి. ఇంధనం ఇంకిన మట్టిని తవ్వి తీయించాకే దున్నాలి. బావి దగ్గరుంటే ఆ నీళ్లు పరీక్ష చేయించేదాకా తాగకండి.

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ ఈ ట్యాంకులను కాగితంతోనే చేసింది! క్రాఫ్ట్ అనే గట్టి కాగితం పొరలను జిగురుతో అంటించి, 400 లీటర్ల పైచిలుకు పట్టేలా. కొన్ని గంటలు నిల్వ ఉంటే ఇంధనానికి జిగురు వదిలేసేది, అందుకే ఎగిరేముందే నింపేవారు. కింద పడినా శత్రువుకు అల్యూమినియం దక్కేది కాదు. లావోస్‌లో మాత్రం అమెరికా విమానాలు వదిలిన లోహపు ట్యాంకుల పైరేకు కోసేసి, జనం నదిలో పడవలుగా నడుపుకున్నారు.