ఆల్బమ్ కోసం పర్సనల్ లోన్ తీసుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 31 ఏళ్లు. యూసుఫ్‌గూడలో అద్దెకు ఉంటున్నాను. రెండేళ్ల క్రితం సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి, సొంతంగా తెలుగు పాటలు చేసి విడుదల చేస్తున్నాను. ఇప్పటికి 11 పాటలు వచ్చాయి. బాణీలు, గానం నావే. నాలుగు పాటలకు మాత్రం సాహిత్యం నా స్నేహితుడు రాశాడు. ఒక పాట రీల్స్‌లో బాగా వ్యాపించడంతో గత నెలలో అన్నీ కలిపి రూ.1.40 లక్షలు వచ్చాయి. అంతకు ముందు ఏడాది నెలసరి సగటు రూ.52 వేలు. అందులో యూట్యూబ్, స్ట్రీమింగ్ ద్వారా వచ్చేది రూ.18 వేలు, మిగతాది కచేరీలది. నెల ఖర్చు రూ.41 వేలు. గత నెల వచ్చినది కాక బ్యాంకులో రూ.60 వేలు ఉంది, క్రెడిట్ కార్డు బకాయి రూ.90 వేలు ఉంది. ఖమ్మంలో ఉంటున్న అమ్మానాన్నలు నా మీదే ఆధారపడ్డారు. నాన్నకు 63 ఏళ్లు, షుగర్ ఉంది. ఆరు పాటల ఆల్బమ్‌కు రూ.8 లక్షలు కావాలి. నాలుగేళ్ల కాలానికి 16 శాతం వడ్డీతో పర్సనల్ లోన్ ఇస్తామంటున్నారు. ఒక మ్యూజిక్ కంపెనీ నా 11 పాటలనూ శాశ్వతంగా రూ.7 లక్షలకు కొంటానంటోంది. అభిమానులు రూ.2 లక్షల వరకు పోగుచేసి ఇస్తామంటున్నారు. ఏ దారి మేలు? నెలకు రూ.20 వేల సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టుబడి) కూడా మొదలుపెట్టవచ్చా?

జవాబు: లోన్ తీసుకోవద్దు. పాటలను శాశ్వతంగా అమ్మవద్దు. ఆల్బమ్‌ను ఏడాదికి పైగా వాయిదా వేయండి. మీ ప్రశ్నకు సమాధానం ఇంతే అయినా, ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. నెల జీతం లేకుండా సొంత ప్రతిభ మీద బతుకుతున్న హైదరాబాద్ యువతలో, పాటలు చేసేవారైనా, షార్ట్ ఫిల్ములు తీసేవారైనా, వీడియో ఎడిటింగ్ చేసేవారైనా, ఒకే పొరపాటును పదేపదే చూస్తున్నాను. ఒక మంచి నెల రాగానే దాన్నే ఇకమీదట వచ్చే జీతంగా లెక్కగట్టి, ఆ లెక్క మీద అప్పు చేస్తున్నారు. ఆ అప్పు తీర్చలేక చివరికి తాము సృష్టించినదాని మీద హక్కునే వదులుకుంటున్నారు.

ముందు లోన్ సంగతి చూద్దాం. రూ.8 లక్షలకు 16 శాతం వడ్డీతో నాలుగేళ్లకు ఈఎమ్‌ఐ సుమారు రూ.22,670 అవుతుంది. మొత్తం మీద దాదాపు రూ.10.88 లక్షలు కడతారు. మీ సగటు ఆదాయంలో ఖర్చులు పోగా మిగిలేది రూ.11 వేలు మాత్రమే. అంటే మొదటి వాయిదా నుంచే నెలకు రూ.11,670 తక్కువ పడుతుంది. ఆ లోటును మీరు దేనితో పూడుస్తారో మీ ఉత్తరమే చెబుతోంది: క్రెడిట్ కార్డుతో. ఇప్పటికే రూ.90 వేల బకాయి ఉందంటే నెలనెలా కనీస మొత్తం కట్టి నెట్టుకొస్తున్నారని అర్థమవుతోంది. చాలా కార్డుల మీద నెలకు 3 నుంచి 3.75 శాతం వడ్డీ పడుతుంది. బకాయి పూర్తిగా తీరేవరకు కొత్తగా కొన్న వస్తువులకు కూడా వడ్డీ లేని గడువు వర్తించదు. ఈ స్థితిలో ఉన్న మనిషి మరో రూ.8 లక్షలు నెత్తికెత్తుకోవడం గురించి ఆలోచించడమే నాకు ఆందోళన కలిగిస్తోంది. పాట ఎంత బాగా వచ్చినా వాయిదా తేదీ మారదు.

రాబోయే రాయల్టీల మీద అప్పు తీసుకోవడం మీకు కొత్త ఆలోచనగా తోచి ఉండవచ్చు కానీ, దానికి పెద్ద ఉదాహరణే ఉంది. 1997లో బ్రిటన్ గాయకుడు డేవిడ్ బౌవీ తన 25 ఆల్బమ్‌ల రాబడిని హామీగా చూపి, పదేళ్ల కాలానికి 7.9 శాతం వడ్డీతో 5.5 కోట్ల డాలర్ల విలువైన బాండ్లు జారీ చేశారు. దశాబ్దాలుగా స్థిరంగా అమ్ముడవుతున్న పాటలు అవి. అయినా ఇంటర్నెట్ రాకతో సంగీతం అమ్మకాలు పడిపోయినప్పుడు, 2004లో రేటింగ్ సంస్థ మూడీస్ ఆ బాండ్ల రేటింగ్‌ను ‘జంక్’ (పెట్టుబడికి నమ్మదగనిది) అనే స్థాయికి ఒక్క మెట్టు పైవరకు దించింది. అక్కడ అప్పుకు హామీ పాటల రాబడి. మీరు తీసుకోబోయే పర్సనల్ లోన్‌లో పాటలు ఆడినా ఆడకపోయినా మీరే కట్టాలి. మీ దగ్గర ఉన్నది పాతిక ఆల్బమ్‌ల చరిత్ర కాదు, ఒక పాటకు వచ్చిన ఒక నెల ఆదరణ. రీల్స్‌లో పాట ఎన్ని లక్షల మంది వాడుకున్నా, పూర్తి పాటను విన్నప్పుడు వచ్చే రాబడితో దానికి పోలిక లేదు. స్పాటిఫైలో 2024 నుంచి, గడిచిన 12 నెలల్లో కనీసం 1,000 సార్లు వినని పాటకు రికార్డింగ్ రాయల్టీయే రాదు. మీ 11 పాటల్లో ఎన్ని ఆ గీత దాటాయో చూసుకోండి.

ఇక అసలు విషయానికి వస్తాను. మీకు అత్యవసర నిధి లేదు. ఈ ఒక్క లోపమే మీ ప్రశ్న మొత్తానికి మూలం. నెల జీతం వచ్చేవారికి మూడు నుంచి ఆరు నెలల ఖర్చు సరిపోతుందని చెబుతుంటాం. మీకు తొమ్మిది నెలలది కావాలి, అంటే రూ.3.69 లక్షలు. ఎందుకంటే మీ రాబడికి ఒక క్యాలెండర్ ఉంది, దాన్ని మీరు నాకంటే బాగా ఎరుగుదురు. ఆషాఢంలో, పుష్యంలో, మూఢాల్లో పెళ్లిళ్లు ఉండవు కాబట్టి సంగీత్ కార్యక్రమాలూ ఉండవు. చేసిన కచేరీ డబ్బును ఆర్గనైజర్లు నెలల తరబడి ఆపేస్తారు. జలుబు ముదిరి గొంతు పోతే ఆ వారం ఒప్పుకున్నవన్నీ వదులుకోవాలి. 2020 మార్చిలో లాక్‌డౌన్ మొదలైనప్పుడు జూబ్లీహిల్స్, గచ్చిబౌలి పబ్బుల నుంచి బంజారాహిల్స్ లామకాన్ వరకు అన్ని వేదికలూ మూతపడ్డాయి. అప్పుడు ఎంతటి ప్రతిభా అద్దె కట్టలేదు.

స్వతంత్ర సంగీతం అన్నప్పుడు కంపెనీ లేకపోవడమే స్వాతంత్ర్యమని చాలామంది అనుకుంటారు. నా దృష్టిలో, వచ్చిన ఒప్పందాన్ని తిప్పి పంపగలిగే స్థితే స్వాతంత్ర్యం. ఆ స్థితిని ఇచ్చేది బ్యాంకులో కదలకుండా ఉన్న తొమ్మిది నెలల ఖర్చే. సృష్టికర్తల హక్కులు ఎక్కువగా పోయేది కోర్టుల్లో కాదు. ఈఎమ్‌ఐకి నాలుగు రోజుల ముందు, ఒప్పంద పత్రాన్ని చదవకుండా సంతకం పెట్టే సాయంత్రాల్లో పోతాయి. మీరు లోన్ తీసుకుంటే, ఈ రోజు రూ.7 లక్షలు ఇస్తానంటున్న కంపెనీయే ఏడాది తర్వాత అంతకంటే తక్కువకు అడుగుతుంది, మీరు ఒప్పుకుంటారు. అందుకే ముందు నిధి అంటున్నాను. అందులో సగం సేవింగ్స్ ఖాతాలోనో, కోరినప్పుడు తీయగల ఎఫ్‌డీలోనో ఉంచి, మిగతా సగం లిక్విడ్ ఫండ్‌లో (త్వరగా వెనక్కి తీసుకోగల మ్యూచువల్ ఫండ్) పెట్టండి. కొత్త మైకు, కొత్త ల్యాప్‌టాప్ అత్యవసరాలు కావు.

మీ ఉత్తరంలో బీమా అన్న మాటే లేదు. ఉద్యోగం మానేసిన రోజే కంపెనీ ఇచ్చిన గ్రూప్ పాలసీ పోయింది కాబట్టి, రెండేళ్లుగా మీ ఇంట్లో ముగ్గురికీ ఏ రక్షణా లేదని అనుకుంటున్నాను. షుగర్ ఉన్న 63 ఏళ్ల నాన్నగారు ఖమ్మంలో ఒక్కసారి ఆసుపత్రిలో చేరితే, మీ 11 పాటలూ ఆ నెలలోనే అమ్ముడుపోతాయి. మీకు ఒకటి, అమ్మానాన్నలకు వేరుగా ఒకటి ఆరోగ్య బీమా తీసుకోండి. ముందునుంచి ఉన్న జబ్బులకు మూడేళ్ల వరకు వేచి ఉండాల్సి రావచ్చు కాబట్టి, ఆలస్యం చేసిన ప్రతి ఏడాదీ ఆ గడువు ముగిసే రోజును మరింత దూరం చేస్తుంది. షుగర్ విషయం దాచకుండా రాయండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా ప్రీమియం మీద జీఎస్టీ తీసేశారు, కాబట్టి ఖరీదెక్కువన్న సాకుకు కొంత బలం తగ్గింది. ఒక్క సంగతి గాయకుడిగా మీరు గుర్తుంచుకోవాలి. చెవి, ముక్కు, గొంతు శస్త్రచికిత్సలకు చాలా పాలసీల్లో రెండేళ్ల నిరీక్షణ ఉంటుంది. స్వరపేటిక మీద చికిత్స జరిగి, డాక్టరు కొన్ని వారాలు మాట్లాడవద్దంటే, ఆసుపత్రి బిల్లు బీమా కడుతుంది కానీ ఆ వారాల సంపాదన ఎవరూ ఇవ్వరు. దానికి మళ్లీ ఆ నిధే దిక్కు. టర్మ్ పాలసీ, అంటే మీకు ఏమైనా అయితే కుటుంబానికి డబ్బు వచ్చే జీవిత బీమా, కూడా అవసరమే. అది ఇచ్చేముందు ఆదాయ రుజువు అడుగుతారు కాబట్టి, మీ ఆదాయానికి కొత్త పన్ను విధానంలో పన్ను పడకపోయినా, ఏటా రిటర్ను దాఖలు చేయండి. ఆర్గనైజర్లు మీకిచ్చే డబ్బులోంచి ముందే కోసిన పన్ను (టీడీఎస్) కూడా అలాగే తిరిగివస్తుంది.

లెక్క ఇలా వేసుకోండి. గత నెల వచ్చిన రూ.1.40 లక్షల్లో ఖర్చు పోగా మిగిలిన రూ.99 వేలలోంచి కార్డు బకాయి రూ.90 వేలు ఈ వారమే పూర్తిగా కట్టేయండి. మిగిలిన రూ.9 వేలు, బ్యాంకులోని రూ.60 వేలు కలిపి రూ.69 వేలు. బీమా ప్రీమియం ఇందులోంచే కట్టండి. ఆ తర్వాత రూ.20 వేలే మిగిలినా అదే నిధికి మొదటి జమ. నెలకు రూ.11 వేలు మాత్రమే కలుపుతూ పోతే నిధి పూర్తి కావడానికి రెండున్నరేళ్లు దాటుతుంది, అది చాలా ఎక్కువ కాలం. కనుక నెలకు మరో రూ.15 వేలు స్థిరంగా వచ్చే పని చూసుకోండి. అమెరికాలో ఉన్న తెలుగు పిల్లలకు ఆన్‌లైన్‌లో సంగీతం నేర్పడం, ప్రకటనలకు పాడడం వంటివి మీ కళను తగ్గించే పనులు కావు. అప్పుడు 14 నెలల్లో నిధి నిండుతుంది. ఈలోగా పాటలు ఆపమని నేను అనడం లేదు. ఆల్బమ్ మొత్తాన్ని ఒకేసారి కాకుండా, ఖరీదైన వీడియో లేకుండా ఒక్కో పాటగా విడుదల చేయండి.

మ్యూజిక్ కంపెనీ ఇస్తానన్న రూ.7 లక్షలు మీ ప్రస్తుత ఆన్‌లైన్ రాబడి ప్రకారం మూడేళ్ల పైచిలుకు సంపాదనకు సమానం. పాత పాటల రాబడి క్రమంగా తగ్గవచ్చన్నది నిజమే. కానీ మీరు అమ్ముతున్నది మూడేళ్ల హక్కు కాదు. మన చట్టం ప్రకారం బాణీ మీద, సాహిత్యం మీద హక్కు రచయిత జీవితకాలం, ఆ తర్వాత మరో 60 ఏళ్లు ఉంటుంది. 2012లో కాపీరైట్ చట్టానికి చేసిన సవరణ వల్ల, బాణీకి, సాహిత్యానికి వచ్చే రాయల్టీలో సమాన వాటాను మీరు కంపెనీకి రాసిచ్చినా చెల్లదు. కానీ ఆ రక్షణ రికార్డింగ్‌కు లేదు, మాస్టర్‌ను, అంటే అసలు రికార్డింగ్‌ను, అమ్మితే పూర్తిగా పోయినట్టే. అమెరికా గాయని టేలర్ స్విఫ్ట్ తొలి ఆరు ఆల్బమ్‌ల మాస్టర్లు 2019లో చేతులు మారితే, పాటలను మళ్లీ రికార్డు చేసుకోవలసి వచ్చింది, అసలువి 2025లో గానీ ఆమె కొనుక్కోలేకపోయారు. ఆమెకున్న ఆర్థిక స్తోమత మనకు లేదు. కంపెనీకి మీరు చెప్పవలసిన మాట ఒకటే: రెండు మూడు పాటలకు, మూడేళ్ల కాలానికి, లైసెన్సుగా అయితే ఇస్తాను. ఒప్పుకోకపోతే వదిలేయండి. ఒప్పుకుంటే కాలపరిమితిని కాగితం మీద తప్పక రాయించండి. హక్కుల బదిలీ పత్రంలో గడువు రాయకపోతే చట్టం దాన్ని అయిదేళ్లుగా తీసుకుంటుంది.

అభిమానుల డబ్బు గురించి. మీరు అడిగిన మూడింటిలో నాకు అభ్యంతరం లేనిది ఇదొక్కటే, అయితే రెండు షరతులున్నాయి. అది పాటకని ఇచ్చిన డబ్బు, కాబట్టి కార్డు బకాయికో అద్దెకో మళ్లించకండి, దానికోసం వేరే ఖాతా తెరవండి. లాభంలో వాటా ఇస్తానని ఎవరికీ మాట ఇవ్వకండి, అలా ఇస్తే అది పెట్టుబడి సేకరణ అవుతుంది, దాని చిక్కులు వేరు. ముందస్తు కొనుగోలుగా తీసుకుని, పాట ఎప్పుడు వస్తుందో తేదీ చెప్పి, ఆ తేదీకి ఇవ్వండి. రూ.2 లక్షలు ఒక్కసారే కాకుండా, మొదటి పాటకు సరిపడా మాత్రమే తీసుకోండి. మీ పాటను వాడుకుని పెట్టే అభిమానుల వీడియోల మీద స్ట్రైక్ (తీసేయమనే కాపీరైట్ ఫిర్యాదు) వేయకండి. ఆ వీడియో ప్రకటనల రాబడి మీకు వచ్చేలా మీ పాటలను యూట్యూబ్, స్ట్రీమింగ్ యాప్‌లకు చేర్చే డిస్ట్రిబ్యూటర్ ద్వారా క్లెయిమ్ పెట్టుకోవచ్చు.

సిప్ ఇప్పుడు వద్దు. నిధి నిండాక చూద్దాం.

చివరిగా, కాగితాల పని. మీ స్నేహితుడు సాహిత్యం రాసిన నాలుగు పాటలకు రాతపూర్వక ఒప్పందం ఉన్నట్టు మీరు రాయలేదు. సంతకంతో రాసివ్వనిదే హక్కు బదిలీ కాదు కాబట్టి, ఆ సాహిత్యం నేటికీ ఆయనదే. కంపెనీకి 11 పాటలూ అమ్మే అధికారం అసలు మీకు లేదు. రాబడిలో ఎవరి వాటా ఎంతో ఇద్దరూ కూర్చుని రాసుకోండి. తర్వాత ఇద్దరూ ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీలో, అంటే ఐపీఆర్‌ఎస్‌లో, ఆయన గీత రచయితగా, మీరు స్వరకర్తగా సభ్యత్వం తీసుకోండి. 1969 నుంచి ఉన్న సంస్థ అది. గాయకుడిగా మీకు వచ్చే రాయల్టీల కోసం గాయకుల, సంగీతకారుల హక్కుల సంస్థ ఇసామ్రాలో (పాత పేరు ఇస్రా) వేరుగా చేరాలి. కాపీరైట్ కార్యాలయంలో నమోదు తప్పనిసరి కాదు కానీ, వివాదం వస్తే సాక్ష్యంగా పనికొస్తుంది. సంగీత రచనకు రూ.500, సౌండ్ రికార్డింగ్‌కు రూ.2,000 రుసుము. రీల్స్‌లో ఆడుతున్న ఆ ఒక్క పాటతో మొదలుపెట్టండి, మిగతా పది పాటలవి నిధి నిండిన తర్వాత చేయించుకోవచ్చు.