ఇసుక తిన్నెలు బూడిదరంగులో రావడం గురించి

నమస్కారమండీ. జైసల్మేర్‌కు పడమరన సుమారు 40 కిలోమీటర్ల దూరంలోని సమ్ తిన్నెల వద్ద మీరు తీసిన ఫొటోలలో ఇసుక బూడిదరంగులో, చదునుగా వచ్చిందని రాశారు. అది కెమెరా లోపం కాదు. కెమెరాలో వెలుతురును కొలిచే మీటర్ ఏ దృశ్యాన్నయినా మధ్యస్థ బూడిదరంగుగా భావించి వెలుతురును లెక్కిస్తుంది కనుక, కళ్లు జిగేలుమనిపించే ఇసుకను మసకబరుస్తుంది. ఫొటో ఎంత వెలుగ్గా రావాలో సరిచేసే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను +1 వరకు పెంచి, ఫొటోలోని వెలుగునీడల పంపకాన్ని చూపే హిస్టోగ్రామ్ గ్రాఫు కుడి అంచును తాకకుండా చూసుకోండి. చదునుదనానికి మాత్రం మిట్టమధ్యాహ్నపు ఎండే కారణం. పొద్దుపొడిచిన అరగంటలోపు ఎండ పక్కనుంచి ఏటవాలుగా పడేటప్పుడు, గాలి గీసిన ఒక్కొక్క చారకూ ఒకవైపు బంగారు అంచు, మరొకవైపు నీడ ఏర్పడతాయి. మన శ్రీకాకుళం జిల్లాలోని కళింగపట్నం తీరంలో పొద్దుపొడిచే వేళ దీన్నే సాధన చేయవచ్చు. నేను అక్కడే నేర్చుకున్నాను, గాలిలో లెన్స్ మార్చి బొమ్మను పట్టే సెన్సర్ మీద ఇసుక పోసుకున్నదీ అక్కడే. మీరు మాత్రం లెన్స్‌ను గదిలోనే మార్చుకుని బయలుదేరండి.