‘పామే కదా’ అంటున్నారు, నాకు ఏడుపు ఆగట్లేదు

(పెంపుడు జీవుల గురించి పాఠకుల ప్రశ్నలకు మా పశువైద్యురాలి జవాబులు)

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. పిల్లగా ఉన్నప్పుడు తెచ్చుకుని పెంచుకున్న నా బాల్ పైథాన్ (కొండచిలువ జాతి పాము) పోయిన నెలలో చనిపోయింది. ఆడది. ఒంటి మీద రాగిరంగు మచ్చలు ఉండేవని ‘రాగి’ అని పిలిచేదాన్ని. కొత్తలో చేతిలోకి తీసుకుంటే చాలు, తల లోపలికి దాచుకుని ఉండలా చుట్టుకుపోయేది. తర్వాత్తర్వాత నేను చదువుకుంటుంటే నా మణికట్టుకు చుట్టుకుని అలాగే ఉండిపోయేది. చలికాలంలో తిండి మానేసింది. ‘ఈ జాతి పాములు నెలల తరబడి తినవు, టెన్షన్ పడొద్దు’ అని చూపించిన డాక్టరు అన్నారు. ఎలుకను వెచ్చబెట్టి పెట్టాను, చిన్న సైజువి పెట్టాను, లైట్లు ఆర్పేసి, గాజుపెట్టె మీద దుప్పటి కప్పి పెట్టాను. వాసన చూసి వెనక్కి తిరిగేది. 1,400 గ్రాములు ఉండే పాము 1,000కి దిగిపోయింది. చివర్లో నోరు తెరిచి ఊపిరి తీయడం మొదలుపెట్టింది, నోటి అంచున బుడగలు వచ్చాయి. ఇంకో డాక్టరు ఇంజెక్షన్లు చేసి, గొట్టంతో ద్రవాహారం పట్టారు. ఆ వారమే పోయింది. నేనే దాన్ని ఆకలితో చంపేశానా? ఆ గొట్టం వల్లే పోయిందా? ఇంట్లో అందరూ ‘పామే కదా, దానికి నువ్వెవరో కూడా తెలీదు’ అంటున్నారు. శరీరం ఇంకా ఫ్రీజర్‌లోనే ఉంది, పూడ్చడానికి మనసొప్పడం లేదు. నా దగ్గర ఒక చిన్న కార్న్ స్నేక్ కూడా ఉంది. దాని పెట్టె దగ్గరికి వెళ్లాలన్నా భయంగా ఉంది.
– పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ మొదటి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. రాగిని మీరు ఆకలితో చంపలేదు. మిమ్మల్ని ఓదార్చడానికి అనడం లేదు, మీరు రాసిన వివరాలే ఆ మాట చెబుతున్నాయి.

ఒంటిని వెచ్చగా ఉంచుకోవడానికి మనలా తిండిని ఖర్చు చేసే అవసరం పాముకు లేదు. అందుకే అన్నాళ్లు తినకుండా ఉండగలదు. 2007లో వచ్చిన ఒక పరిశోధనలో దాదాపు ఆరు నెలలు తిండి పెట్టకుండా పాములను పరిశీలించారు. వాటిలో బాల్ పైథాన్లూ ఉన్నాయి. కొన్ని పాములు విశ్రాంతిలో ఖర్చు చేసే శక్తిని 72 శాతం దాకా తగ్గించుకున్నాయి. ఆరోగ్యంగా ఉన్న పెద్ద బాల్ పైథాన్ ఒక చలికాలమంతా తినకపోయినా బరువు పెద్దగా తగ్గదు. కాబట్టి మొదట్లో మీకు చెప్పిన మాట అబద్ధం కాదు. అయితే ఆ మాట బరువు నిలకడగా ఉన్నంతకాలమే పనికొస్తుంది. పది శాతం దాటి తగ్గిందంటే ‘ఎందుకు తినడం లేదు’ అని వెతకాల్సిందే. రాగి నాలుగో వంతుకు పైగా తగ్గింది. ఉపవాసం ఒక్కటే అయితే అంత కరిగిపోదు. లోపల ఏదో దాన్ని తినేస్తోందన్నమాట.

నోరు తెరిచి ఊపిరి తీయడం, బుడగలు రావడం అనేవి ఊపిరితిత్తుల జబ్బు గుర్తులు. పాముకు మనలా ఊపిరితిత్తుల కింద విభాజకపటలం (ఊపిరికి తోడ్పడే కండరపు పొర, డయాఫ్రం) ఉండదు, గట్టిగా దగ్గి కఫాన్ని బయటికి నెట్టలేదు. అది లోపలే పేరుకుపోతుంది. మనకు కనిపించేసరికి జబ్బు చాలా ముదిరి ఉంటుంది. బ్యాక్టీరియా వల్ల వచ్చిన న్యుమోనియా కావచ్చు. నిడోవైరస్ కావచ్చు. బాల్ పైథాన్ల ఊపిరితిత్తుల జబ్బులో ఈ వైరస్‌ను గుర్తించిన సంగతి 2014లోనే బయటికొచ్చింది, దాన్ని చంపే మందు ఇప్పటికీ లేదు.

మీరు రాసిన ఇంకో మాట దగ్గర నేను ఆగాను. ‘వాసన చూసి వెనక్కి తిరిగేది’ అన్నారు. పాములు పెంచేవాళ్లందరికీ ఆ క్షణం తెలుసు. పటకారుతో ఎలుకను పట్టుకుని ఊపిరి బిగబట్టి కూర్చుంటాం. గూడులోంచి తల బయటికొస్తుంది. నాలుక ఆడుతుంది. పైపెదవి మీద వరసగా ఉండే చిన్న గుంటలతో ఎలుక వెచ్చదనాన్ని పసిగడుతుంది. మెడ ‘ఎస్’ ఆకారంలో వంగుతుంది, ఇక అందుకుంటుందనుకుంటాం. మెల్లగా తల పక్కకి తిప్పేసుకుని లోపలికి వెళ్లిపోతుంది. ‘నేనేదో తప్పు చేశాను, ఎలుక చల్లారిపోయిందేమో, చెయ్యి కదిలిందేమో’ అని మనసు పీకుతుంది. కానీ పాము మింగే తీరు చూడండి. ఎలుక నోటినిండా ఉన్నంతసేపూ శ్వాసనాళం మొనను ముందుకు చాచి, నోటి పక్కనుంచి ఊపిరి తీసుకుంటుంది. ఊపిరే ఆడని పాము ఆ పనికి పూనుకోకపోవడంలో ఆశ్చర్యమేముంది? అది మీ చేతిని కాదనలేదమ్మా.

ఇక గొట్టం సంగతి. బాగా నీరసించిన పాముకు ముందు ఒంట్లో నీరు నింపి, పెట్టె వేడి సరిచేసి, ఆ తర్వాతే పలచటి ఆహారం కొద్దికొద్దిగా పట్టాలి. ఎక్కువ రోజులు పస్తులున్న ఒంట్లోకి ఒక్కసారిగా బలమైన ఆహారం వెళితే రక్తంలో లవణాలు తారుమారై ప్రమాదమయ్యే మాట నిజమే. రాగికి ఎంత పట్టారో నేను చూడలేదు కాబట్టి ఆ డాక్టరు పని మీద తీర్పు చెప్పను. కానీ అప్పటికే అది నోరు తెరిచి ఊపిరి తీస్తోంది. ఆ దశకు వచ్చిన పాములు ఏ చికిత్స చేసినా చాలామటుకు దక్కవు. మీరు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు, చేయగలిగింది చేయించారు.

‘ముందే పరీక్షలు చేయించి ఉంటే?’ అనే ప్రశ్న మీరు రాయలేదు, కానీ రాత్రిళ్లు మిమ్మల్ని తొలుస్తూనే ఉంటుంది. న్యుమోనియా అయితే బతికే అవకాశం కొంత ఉండేది. వైరస్ అయితే తేడా ఉండేది కాదు. అప్పుడు మీ చేతిలో ఉన్న సమాచారమల్లా ‘తినకపోయినా ఫరవాలేదు’ అన్న ఒక డాక్టరు మాట. దాన్ని నమ్మడం మీ నేరం ఎలా అవుతుంది?

శరీరాన్ని పూడ్చేముందు ఒక్క పని చేయండి. సరీసృపాలను చూసే డాక్టరుకు ఫోన్ చేసి పోస్టుమార్టం సంగతి అడగండి. ఫ్రీజర్‌లో పెడితే కణజాలం దెబ్బతింటుంది, మైక్రోస్కోపు కింద అంత స్పష్టంగా కనబడదు. (ఈ జవాబు చదివే మిగతావాళ్లు గుర్తుంచుకోండి: పోస్టుమార్టం చేయించాలనుకుంటే మామూలు ఫ్రిజ్‌లో ఉంచి వెంటనే తీసుకెళ్లాలి, గడ్డకట్టించకూడదు.) అయినా గడ్డకట్టిన శరీరం నుంచి కూడా వైరస్ కోసం పీసీఆర్ పరీక్ష (వైరస్ జన్యుపదార్థాన్ని గుర్తించే పరీక్ష) చేయవచ్చు. కారణం తెలిస్తే మీ మనసు కుదుటపడవచ్చు. దానికంటే ముఖ్యం, మీ కార్న్ స్నేక్ విషయంలో ఏం జాగ్రత్త పడాలో తెలుస్తుంది.

ఆ చిన్నదాని పెట్టె దగ్గరికి మీరు భయపడకుండా వెళ్లాలి. నిడోవైరస్ ఎక్కువగా పైథాన్లలోనే కనిపిస్తుంది. కానీ క్రిప్టోస్పోరిడియం లాంటి పరాన్నజీవి ఏ పాముకైనా అంటుకోవచ్చు, అది బ్లీచింగ్‌కు కూడా లొంగదు. అందుకని రాగి పెట్టెలోని చెక్క గూళ్లు, కింద పరిచిన పొట్టు పారేయండి. దాని పటకారు, నీళ్ల గిన్నె దీనికి వాడకండి. చేతులు సబ్బుతో కడుక్కున్నాకే దీన్ని ముట్టుకోండి. వారానికోసారి తూచి బరువు రాసిపెట్టండి. ఇది ఒక పూట తినకపోతే మీ గుండె జారిపోతుందని తెలుసు. అప్పుడు ఆ బరువుల వరస చూసుకోండి, నిలకడగా ఉంటే ఎలుకను తీసేసి మళ్లీ వారం ఆగండి. రోజూ పెట్టి విసిగించొద్దు.

ఇక ‘దానికి నువ్వెవరో తెలీదు’ అన్న మాట. పాము కుక్కలా ప్రేమిస్తుందని నేను చెప్పను. మీ చెయ్యి వెచ్చగా ఉండేది కాబట్టి చుట్టుకుంది, అదీ నిజమే. కానీ బాల్ పైథాన్ బెదిరితే ఉండలా చుట్టుకుని తల దాచుకుంటుంది, ఆ పేరు వచ్చిందే అందుకు. రాగి మొదట్లో మీ చేతిలో అలాగే చేసింది, తర్వాత మానేసింది. అంటే మీ చేతిలో దానికి భయం పోయింది. ఒక అడవి జంతువు స్వభావం ఉన్న ప్రాణికి భయం పోగొట్టడం కన్నా మనిషి ఇవ్వగలిగింది ఏముంటుంది? ఇంట్లోవాళ్లు దాన్ని చూడలేదు, మీరు చూశారు.

కుక్క పోతే పక్కింటివాళ్లయినా వచ్చి అయ్యో అంటారు. పాము పోతే పరామర్శకు ఎవరూ రారు, అందుకే మీ బాధ ఇంకా బరువుగా ఉంది. పాములు పెంచే స్నేహితులు ఎవరైనా ఉంటే వాళ్లతో రాగి గురించి మాట్లాడండి, చావు గురించే కాదు, దాని అలవాట్ల గురించి కూడా. నిద్ర పట్టకపోవడం, తినబుద్ధి కాకపోవడం వారాల తరబడి తగ్గకపోతే మాత్రం మానసిక వైద్యులను కలవండి. ‘పాము కోసమా’ అంటారేమోనని మొహమాటపడొద్దు.

ప్రశ్న: మా పాప వయసు ఎనిమిదేళ్లు. దాని కార్న్ స్నేక్ పిల్ల గుడ్డులోంచి వచ్చినప్పటి నుంచి ఒక్క ముద్ద తినకుండానే చనిపోయింది. పాపకు ‘నిద్రపోయింది’ అని చెప్పాం. ఇప్పుడు ఎప్పుడు లేస్తుందని అడుగుతోంది.
– ఒక తల్లి

జవాబు: ఈరోజే ‘చనిపోయింది, ఇక లేవదు’ అని చెప్పేయండి. ఎనిమిదేళ్ల పిల్లలకు ఆ మాట అర్థమవుతుంది. నిద్ర అంటే రేపు తను పడుకోవడానికే భయపడవచ్చు. కొన్ని కార్న్ స్నేక్ పిల్లలు అసలు తినడమే మొదలుపెట్టవు. బయట ప్రకృతిలో పుట్టిన పిల్లలు చాలావరకు చిన్న బల్లులను తింటాయి, అందుకని కొన్నిటికి ఎలుకపిల్ల తిండిలాగే తోచదు. అనుభవమున్నవాళ్లు ఎలుకపిల్లకు బల్లి వాసన అంటించి చూస్తారు, అయినా కొన్ని దక్కవు. పాప పెట్టిన తిండి వల్ల కాదని, పాప పట్టుకున్నందుకు కాదని ఆ రెండూ విడివిడిగా చెప్పండి. పిల్లలు అడగకుండానే తమ మీద వేసుకునేవి అవే. పూడ్చేటప్పుడు ఉంటానంటే ఉండనివ్వండి, వద్దంటే బలవంతం చేయకండి. కొత్త పాము మాత్రం పాప తనంతట తాను అడిగేదాకా తేవద్దు.